జార్జెట్ హెయర్

జార్జెట్ హెయర్ (ఆగష్టు 16, 1902 - జూలై 4, 1974) ప్రముఖ ఆంగ్ల నవలా రచయిత్రి. ఇంగ్లాండు చరిత్రలో రీజెన్సీ కాలంగా పేర్కొనబడే 1811-1820 మధ్య సంవత్సరాలను నేపథ్యంగా తీసుకొని ఈమె వ్రాసిన ప్రణయ నవలలు ఒక ప్రత్యేక సాహిత్య శాఖకే మూలమయ్యాయి. ఆ కాలంలోనే జీవించి, తన చుట్టూ ఉన్న సమాజం గురించే నవలలు వ్రాసిన జేన్ ఆస్టిన్ ఈమెకు అభిమాన రచయిత్రి, ఆదర్శం కూడా. ఆస్టిన్ మరణించిన నూరేళ్ళకు పైబడిన తరువాత, ఆ ప్రపంచాన్ని పాత లేఖల నుండి, దినచర్యల నుండి, చరిత్ర గ్రంథాల నుండి తిరిగి నిర్మించి, అందులో కొత్త కథలు నడిపించడం హెయర్ చేసిన పని. 50కి పైగా నవలలు వ్రాసినా, జీవితకాలంలో ఈమెకు పాఠకుల నుండి దక్కిన ఆదరణ విమర్శకుల నుండి దక్కలేదు. తన రచనలను అనుకరించినవారితో ఈమె పడిన ఇబ్బందులు, ఈమె సాహిత్య జీవితంలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ భాగం.

బాల్యం

హెయర్ లండన్ సమీపంలోని వింబుల్డన్‌లో జన్మించింది. తండ్రి పేరు జార్జ్ కాగా, ఆయన పేరు మీదుగానే ఈమెకు జార్జెట్ అని నామకరణం చేశారు. తల్లి సిల్వియా రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సంగీతం అభ్యసించింది. తండ్రి వైపు తాత రష్యా నుండి వలస వచ్చినవాడు. ఇంటిపేరును మొదట హయ్యర్ అని పలికేవారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనప్పుడు తమను జర్మనులుగా పొరబడతారన్న శంకతో తండ్రి ఆ ఉచ్చారణను హెయర్ అని మార్చాడు. అంతకు ముందు కొంతకాలం ఈ కుటుంబం పారిస్‌లో నివసించి, యుద్ధం రాగానే స్వదేశానికి తిరిగి వచ్చింది.

ముగ్గురు సంతానంలో ఈమె పెద్దది. తరువాతి వారు బోరిస్, ఫ్రాంక్ అనే తమ్ముళ్ళు. తండ్రి పిల్లలను విస్తారంగా చదవనిచ్చేవాడు. ఫలానా పుస్తకం ముట్టుకోరాదన్న నిషేధం ఆ ఇంట్లో లేదు. హెయర్ విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. ఈమెకున్న చరిత్ర పరిజ్ఞానమంతా స్వయంగా సంపాదించుకున్నదే. కరోలా ఓమన్, జోవానా కానన్ అనే స్నేహితురాళ్ళతో కలిసి పుస్తకాల గురించి చర్చించేది. తరువాతి కాలంలో వారిద్దరు కూడా రచయిత్రులుగా పేరు తెచ్చుకున్నారు.

బోరిస్‌కు రక్తం గడ్డకట్టని జబ్బు ఉండేది. తరచుగా నీరసపడి మంచాన ఉండే ఆ తమ్ముడికి కాలక్షేపం కోసం హెయర్ తన 17వ ఏట ఒక సాహస కథను విడతలు విడతలుగా అల్లి చెప్పింది. ఆ కథ విని సంతోషించిన తండ్రి దానిని ప్రచురణకు అనువుగా తీర్చిదిద్దమని ప్రోత్సహించాడు. 1921లో ది బ్లాక్ మాత్ పేరుతో అది వెలువడింది. అప్పటికి రచయిత్రి వయసు 19 సంవత్సరాలు. కథాకాలం 18వ శతాబ్దం మధ్యభాగం. అంటే హెయర్ మొదటి అడుగు రీజెన్సీ కాలంలో కాక అంతకు రెండు తరాల ముందటి కాలంలో పడింది.

వివాహం, కుటుంబ భారం

1920 క్రిస్మస్ సమయంలో హెయర్‌కు జార్జ్ రొనాల్డ్ రూజియర్‌తో పరిచయమైంది. అతడు గనుల ఇంజనీరింగ్ విద్యార్థి. 1925 వసంతంలో వారి వివాహం నిశ్చయమైంది. ఆ తరువాత నెలకే తండ్రి గుండెపోటుతో మరణించాడు. ఆయన తన కుటుంబానికి పింఛను వంటిదేదీ మిగల్చలేదు. తమ్ముళ్ళిద్దరి పోషణ భారం 22 ఏళ్ళ హెయర్ మీద పడింది. తండ్రి పోయిన రెండు నెలలకు, 1925 ఆగష్టు 18న, వివాహం జరిగింది. ఈమె జీవితాంతం ఏటా ఒకటి రెండు పుస్తకాల చొప్పున వ్రాస్తూ పోవడానికి కారణం ఇక్కడే ఉంది. వ్రాత అభిరుచిగా మొదలై, జీవనోపాధిగా మారింది.

ఉద్యోగరీత్యా రూజియర్ మొదట కాకసస్ పర్వత ప్రాంతానికి వెళ్ళాడు. ఇంగ్లాండులో ఉండిపోయిన హెయర్ 1926లో దీజ్ ఓల్డ్ షేడ్స్ అనే నవలను ప్రచురించింది. సరిగ్గా ఆ సమయంలోనే బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరగడం వలన పత్రికలలో ఆ పుస్తకానికి సమీక్షలు గాని ప్రకటనలు గాని రాలేదు. అయినప్పటికీ 1,90,000 ప్రతులు అమ్ముడుపోయాయి. ప్రచారం లేకుండానే పుస్తకం అమ్ముడుపోతుందని దీనివలన తేలింది కనుక, ఆ తరువాత ప్రచురణకర్తలు ఎంత బతిమాలినా ఈమె పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వలేదు.

రూజియర్‌కు తరువాత తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాలో (నేటి టాంజానియా) ఉద్యోగం లభించింది. హెయర్ అక్కడికి వెళ్ళి, అడవి మధ్య ఏనుగు గడ్డితో కట్టిన గుడిసెలో కాపురం చేసింది. ది మాస్కరేడర్స్ (1928) అక్కడ వ్రాసినదే. చేతిలో తగిన ఆకర గ్రంథాలు లేకుండా వ్రాసిన ఈ 18వ శతాబ్దపు కథలో కాలదోషం ఒక్కటే దొర్లిందని చెబుతారు. వైట్స్ అనే లండన్ క్లబ్బు ప్రారంభాన్ని అసలు తేదీకన్నా ఒక సంవత్సరం ముందు చూపడమే ఆ దోషం. 1928లో భర్త వెంట మాసిడోనియాకు వెళ్ళినప్పుడు, దంతవైద్యం కోసం ఇచ్చిన మత్తుమందు వికటించి ఈమె ప్రాణాపాయ స్థితికి చేరుకుంది. సంతానం కలగక ముందే స్వదేశానికి చేరాలని ఈమె పట్టుబట్టడంతో ఇద్దరూ తిరిగి వచ్చారు. గనుల ఉద్యోగం మానిన రూజియర్ కొంతకాలం హార్షమ్ పట్టణంలో క్రీడాసామగ్రి దుకాణం నడిపాడు. ఆ సంవత్సరాలలో ఇల్లు గడిచింది ప్రధానంగా హెయర్ నవలల రాబడి మీదనే. 1932లో కుమారుడు రిచర్డ్ జన్మించాడు. రూజియర్ ఆ తరువాత న్యాయశాస్త్రం చదివి 1939లో బారిస్టరు అయ్యాడు. రిచర్డ్ పెద్దయ్యాక హైకోర్టు న్యాయమూర్తి పదవిని నిర్వహించాడు.

రీజెన్సీ నవలలు

1811లో ఇంగ్లాండు రాజు మూడవ జార్జి మతిస్థిమితం కోల్పోవడంతో అతని పెద్ద కుమారుడు రాజప్రతినిధిగా పాలన చేపట్టాడు. 1820లో తండ్రి మరణించగా నాలుగవ జార్జి పేరుతో రాజయ్యాడు. ఈ తొమ్మిదేళ్ళ కాలానికి రాజప్రతినిధి పదవిని సూచించే రీజెన్సీ అనే పేరు స్థిరపడింది. నెపోలియన్‌తో యుద్ధం, 1815లో వాటర్లూ విజయం ఈ కాలంలోనివే. జేన్ ఆస్టిన్ ఆరు నవలలూ 1811-1817 మధ్యనే అచ్చయ్యాయి. ఆస్టిన్ నవలలలో ఒకటైన సెన్స్ అండ్ సెన్సిబిలిటీ ఆధారంగా 2000లో వచ్చిన తమిళ చిత్రం ప్రియురాలు పిలిచింది పేరుతో తెలుగులోకి అనువదింపబడింది కనుక, ఆ కథల స్వభావం తెలుగు ప్రేక్షకులకు కొంత పరిచితమే.

హెయర్ ఈ కాలాన్ని తొలిసారిగా 1935లో రీజెన్సీ బక్ నవలలో స్వీకరించింది. తండ్రిని కోల్పోయిన ధనిక యువతికి, ఆమె సంరక్షకుడైన ప్రభువుకు మధ్య సాగే ఈ కథలో రాజప్రతినిధి, ఆనాటి వేషధారణకు ప్రమాణంగా నిలిచిన బ్రమ్మెల్ వంటి చారిత్రక వ్యక్తులు కూడా పాత్రలుగా కనిపిస్తారు. ఆస్టిన్ నుండి హెయర్ గ్రహించినవి ప్రధానంగా రెండు. మొదటిది, పెళ్ళి అనేది మనసుకు సంబంధించినదే కాక ఆస్తికి, అంతస్తుకు కూడా సంబంధించిన వ్యవహారమన్న దృష్టి. రెండవది, సంభాషణల ద్వారా హాస్యాన్ని పుట్టించే నేర్పు.

వీరిద్దరి మధ్య భేదాలు కూడా తక్కువేమీ కావు. ఆస్టిన్ తన తోటివారి కోసం వ్రాసింది. బండికి ఎన్ని గుర్రాలు కట్టారో, టోపీ ఏ రంగులో ఉందో ఆమె వర్ణించవలసిన పని లేదు. అవి పాఠకులు నిత్యం చూసేవే. హెయర్ పాఠకులకు అవేవీ తెలియవు. అందువలన బండ్లు, దుస్తులు, భోజనాలు, మల్లయుద్ధాలు, జూదశాలలు అన్నీ కథలోకి వచ్చాయి. ఆస్టిన్ కథానాయకులు ఎక్కువగా పల్లెటూరి భూస్వాములు, మతగురువులు. హెయర్ నవలలలో ప్రభువులు అడుగడుగునా తారసపడతారు. ఆస్టిన్ యుద్ధాన్ని దూరంగా ఉంచింది. హెయర్ 1937లో ఎన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ పేరుతో వాటర్లూ యుద్ధాన్నే నవలగా వ్రాసింది. అందులోని యుద్ధవర్ణన ఎంత కచ్చితంగా ఉందంటే, శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో ఆ యుద్ధాన్ని బోధించేటప్పుడు ఈ నవలను ఉపయోగించారు. ఇందులో రీజెన్సీ బక్ లోని దంపతులతో పాటు, మరొక నవల డెవిల్స్ కబ్ (1932) లోని నాయికానాయకులు కూడా ముసలివారై కనిపిస్తారు. తన పాత కథలను తానే తిరిగి అల్లుకోవడం హెయర్‌కు ఇష్టమైన పద్ధతి.

1944లో వచ్చిన ఫ్రైడేస్ చైల్డ్‌తో మొదలుకొని మరణించేవరకు ఈమె కృషి ప్రధానంగా రీజెన్సీ నవలల మీదనే సాగింది. ది గ్రాండ్ సోఫీ (1950), కొటిలియన్ (1953), వెనీషియా (1958), ఫ్రెడెరికా (1965) వీటిలో బాగా ప్రసిద్ధమైనవి. 1961లో వెలువడిన ఎ సివిల్ కాంట్రాక్ట్ మిగిలినవాటికి భిన్నమైనది. తండ్రి చేసిన అప్పులలో మునిగిన ఎస్టేటుకు వారసుడైన యువ సైనికాధికారి, తాను ప్రేమించిన అందగత్తెను వదులుకొని, ధనవంతుడైన వర్తకుని కుమార్తెను డబ్బు కోసం పెళ్ళాడతాడు. ఆమె అందగత్తె కాదు, చమత్కారంగా మాట్లాడదు కూడా. భర్త ఇష్టాయిష్టాలు కనిపెట్టి ఇల్లు నడుపుతుంది. వారి మధ్య పుట్టేది గాఢమైన ప్రణయం కాక నెమ్మదైన సఖ్యత. ప్రణయ నవల చదవడానికి కూర్చున్న పాఠకులలో కొందరిని నిరాశపరచినా, హెయర్ వ్రాసినవాటిలో ఆస్టిన్ స్ఫూర్తికి అతి దగ్గరగా నిలిచేది ఈ నవలే అని చెప్పవచ్చు.

పరిశోధన

హెయర్ స్వంత గ్రంథాలయంలో వెయ్యికి పైగా చరిత్ర గ్రంథాలు ఉండేవి. చదివినదంతా విషయాల వారీగా నోటు పుస్తకాలలోకి ఎక్కించేది. దుస్తులు, టోపీలు, రంగులు, ఇంటి సామాను, వస్తువుల ధరలు, దుకాణాలు - ఇలా ఒక్కొక్క దానికి ఒక్కొక్క విభాగం. పత్రికలలోని బొమ్మలు కత్తిరించి అతికించడం, బండ్ల నమూనాలు స్వయంగా గీసుకోవడం కూడా ఉండేది. ఆ కాలపు నుడికారాలను పాత లేఖలు, స్వీయచరిత్రలు, పియర్స్ ఈగన్ వంటి సమకాలికుల రచనల నుండి ఏరి చీటీల మీద వ్రాసి ఉంచుకునేది. ఈమె పాత్రలు మాట్లాడే భాషలో సగం రుచి ఈ చీటీలదే. అయితే ఆ కాలంలో ఒక వ్యక్తి నోట ఇన్ని నుడికారాలు ఒక్కసారిగా దొర్లేవా అన్నది వేరే సంగతి.

డిటెక్టివ్ నవలలు

1932 నుండి హెయర్ సమకాలీన నేపథ్యంతో 12 డిటెక్టివ్ నవలలు కూడా వ్రాసింది. చాలాకాలం ఏడాదికి ఒక ప్రణయ నవల, ఒక డిటెక్టివ్ నవల అన్న లెక్కన సాగింది. వీటిలో హత్య జరిగే విధానం వంటి సాంకేతిక అంశాలను తరచుగా భర్త సమకూర్చేవాడు. ఇవికాక 1920లలో వ్రాసిన నాలుగు సాంఘిక నవలలు తరువాత ఈమెకు నచ్చక, తిరిగి అచ్చుకాకుండా తానే ఆపివేసింది.

ఆర్థిక ఇబ్బందులు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కాగితం కొరత వలన పుస్తకాల అమ్మకాలు తగ్గాయి. డబ్బు అవసరమై హెయర్ దీజ్ ఓల్డ్ షేడ్స్, డెవిల్స్ కబ్, రీజెన్సీ బక్ నవలల కామన్వెల్త్ హక్కులను ప్రచురణ సంస్థ హైన్‌మన్‌కు 750 పౌండ్లకు అమ్మివేసింది. ఆ సంస్థలోనే ఉన్న మిత్రుడు ఒకరు తరువాత అదే ధరకు హక్కులను తిరిగి ఇవ్వజూపాడు. ఒకసారి మాట ఇచ్చి అమ్మినదానిని వెనక్కు తీసుకోవడం తగదని ఈమె నిరాకరించింది. ఆ మూడు పుస్తకాలూ తరువాత ఎన్నో ముద్రణలు పొందాయి. యుద్ధానంతరం అమ్మకాలు పెరిగాయి కాని, వాటితో పాటు ఆదాయపు పన్ను కూడా పెరిగింది. పన్ను బాకీలు తీర్చడం కోసం మరొక రీజెన్సీ నవల వ్రాయడం పరిపాటి అయింది.

అనుకరణలు, వివాదాలు

1950 నాటికి హెయర్ విజయం చూసి ఇతరులు కూడా రీజెన్సీ కథలు వ్రాయసాగారు. ఆ సంవత్సరం ఒక పాఠకురాలు, బార్బరా కార్ట్‌లండ్ నవలలకు హెయర్ నవలలతో పోలికలున్నాయని తెలియజేస్తూ లేఖ వ్రాసింది. హెయర్ ఆ నవలలను తెప్పించి చదివి, పాత్రల పేర్లు, స్వభావాలు, కథలోని మలుపులు తనవేనని ఆరోపిస్తూ, ఎక్కడెక్కడ ఏవి వచ్చాయో వివరంగా పట్టిక తయారుచేసి న్యాయవాదులకు అందించింది. వ్యవహారం న్యాయస్థానం వరకు వెళ్ళలేదు. క్షమాపణ కూడా రాలేదు. ఆ తరువాత మాత్రం అటువంటి పోలికలు ఆగిపోయాయి.

1961లో ఇటువంటిదే మరొక ఫిర్యాదు వచ్చింది. ఈసారి మరొక రచయిత్రి పుస్తకాలలో కథలు, ఇంటిపేర్లతో పాటు ఆనాటి నుడికారాలు కూడా కుప్పలుగా కనిపించాయి. హెయరే మారుపేరుతో నాసిరకం పుస్తకాలు వ్రాస్తున్నదని కొందరు అభిమానులు నిందించడం ఈమెను మరింత బాధించింది. అప్పుడు కూడా పట్టిక తయారైంది. అందులోని రెండు అంశాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. ఒకటి, నలుగురిలో నవ్వులపాలు కావడం అనే అర్థంలో వాడే ఒక పాత నుడికారం. బయట దొరకని, పరిమితంగా అచ్చు వేసుకున్న ఒక స్వీయచరిత్రలో హెయర్‌కు అది లభించింది. అవతలి రచయిత్రి దానిని పదే పదే వాడింది. రెండవది ఇంకా విచిత్రమైనది. ఆ రచయిత్రి చారిత్రక సంఘటనగా పేర్కొన్న ఒక ఉదంతం అసలు చరిత్రలో జరగనే లేదు. అది హెయర్ తన పాత నవలలో కల్పించినది. నిజమైన చరిత్రను శ్రమపడి పోగుచేసి, దానిలో తన కల్పనను అతుకు కనపడకుండా కలిపిన రచయిత్రికి ఆ కల్పనే సాక్ష్యంగా ఎదురు వచ్చింది. నిషేధపుటుత్తర్వు కోరవచ్చని న్యాయవాదులు సలహా ఇచ్చినా హెయర్ చివరకు దావా వేయలేదు.

రీజెన్సీ కాలం ఎవరి సొత్తూ కాదు. పెళ్ళికి తొందరపడే తల్లులు, గర్విష్ఠి నాయకుడు, మాటకు మాట అప్పగించే నాయిక ఆస్టిన్ నుండి వచ్చినవే. హెయర్ అభ్యంతరం కాలాన్ని గురించి గాని, ఇటువంటి పాత్రలను గురించి గాని కాదు. మూలాలను వెదకకుండా, వెదికినవారి పుస్తకాన్నే మూలంగా చేసుకోవడం గురించి.

నెరవేరని ఆశయం

హెయర్ తనను తాను ప్రణయ నవలాకారిణిగా కన్నా చారిత్రక నవలాకారిణిగా భావించుకునేది. మధ్యయుగం ఈమెకు అత్యంత ప్రీతిపాత్రమైన కాలం. లాంకాస్టర్ రాజవంశం గురించి మూడు సంపుటాల బృహన్నవల వ్రాయాలని సంకల్పించి, ఏళ్ళ తరబడి సామగ్రి సేకరించింది. కాని పాఠకులు రీజెన్సీ నవలలే కోరారు, పన్నులకు గడువులుండేవి. వ్రాతప్రతి పెట్టెలోకి పోవడం, మళ్ళీ బయటకు రావడం పలుమార్లు జరిగింది. మొదటి సంపుటం పూర్తికాకుండానే ఈమె మరణించింది. ఉన్నంతవరకు భాగాన్ని 1975లో మై లార్డ్ జాన్ పేరుతో ప్రచురించారు.

విమర్శ, ఆదరణ

జీవితకాలంలో ప్రముఖ పత్రికలు ఈమె నవలలను గంభీరంగా పరిశీలించిన సందర్భాలు తక్కువ. 1969లో ఎ.ఎస్. బయట్ వ్రాసిన వ్యాసం ఈమెను మంచి నవలాకారిణిగా గుర్తించిన తొలి రచనలలో ఒకటి. మరోవైపు ఈమె రచనలలోని వర్గదృష్టి విమర్శకు గురయింది. సేవకులు, వర్తకులు హాస్యానికే పరిమితం కావడం, పుట్టుకే గుణానికి కొలతగా కనిపించడం పలు నవలలలో ఉంది. ది గ్రాండ్ సోఫీలో యూదు వడ్డీ వ్యాపారిని చిత్రించిన తీరు నేటి పాఠకులకు రోత పుట్టిస్తుంది. 2023 నాటి అమెరికా ముద్రణలో ఆ భాగాన్ని మార్చారు.

అభిమానుల ఉత్తరాలను హెయర్ సాధారణంగా దాచుకునేది కాదు. దాచుకున్న ఒక్క ఉత్తరం రుమేనియాకు చెందిన ఒక మహిళ వ్రాసినది. రాజకీయ ఖైదీగా ఆమె 12 సంవత్సరాలు చెరసాలలో గడిపింది. ఫ్రైడేస్ చైల్డ్ కథను తోటి ఖైదీలకు మళ్ళీ మళ్ళీ చెబుతూ వారికీ తనకూ మతి చలించకుండా కాపాడుకున్నానని ఆమె అందులో తెలియజేసింది. మంచాన ఉన్న తమ్ముడికి చెప్పిన కథతో మొదలైన రచయిత్రికి ఈ ఉత్తరం ప్రత్యేకంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

చివరి దశ

1942 నుండి రెండు దశాబ్దాలకు పైగా హెయర్ దంపతులు లండన్ పికడిల్లీలోని ఆల్బనీ భవనంలో నివసించారు. అది రీజెన్సీ కాలపు ప్రముఖులు బసచేసిన భవనమే. చివరి పదేళ్ళలో ఆరోగ్యం క్షీణించినా వ్రాయడం మానలేదు. 1972లో వచ్చిన లేడీ ఆఫ్ క్వాలిటీ ఈమె బ్రతికుండగా వెలువడిన ఆఖరి నవల. ఊపిరితిత్తుల కాన్సర్‌తో 1974 జూలై 4న, 71 సంవత్సరాల వయసులో మరణించింది. అప్పటికి ఈమె నవలలలో 48 ఇంకా అచ్చులో ఉన్నాయి. 1921 నాటి ది బ్లాక్ మాత్ కూడా వాటిలో ఒకటి. ఈమె వివాహానంతర నామం శ్రీమతి రూజియర్ అన్న సంగతి చాలామంది పాఠకులకు పత్రికలలో వచ్చిన మరణవార్త ద్వారానే తెలిసింది.

మరణానంతరం

1970లలో అమెరికా ప్రచురణకర్తలు రీజెన్సీ నవలల కోసం ప్రత్యేక శ్రేణులు ప్రారంభించారు. నెలనెలా వెలువడిన ఆ నవలలలో చాలామంది రచయిత్రులు హెయర్ అడుగుజాడలలో నడిచారు. ఈమె వాడుకలోకి తెచ్చిన పదజాలం ఆ నవలలన్నింటికీ ఉమ్మడి భాష అయింది. 1984లో జేన్ ఐకెన్ హాడ్జ్, 2011లో జెన్నిఫర్ క్లోస్టర్ ఈమె జీవితచరిత్రలు ప్రచురించారు. హెయర్ తిరిగి అచ్చు కావద్దన్న తొలినాటి మధ్యయుగ నవల సైమన్ ది కోల్డ్‌హార్ట్ చదివిన కుమారుడు రిచర్డ్, దాని విషయంలో తల్లి కఠినంగా వ్యవహరించిందని భావించి, 1970ల చివరలో పునర్ముద్రణకు అనుమతించాడు. వింబుల్డన్‌లో ఈమె జన్మించిన ఇంటికి ఇంగ్లీష్ హెరిటేజ్ సంస్థ 2015లో స్మారక నీలిఫలకం అమర్చింది.